జడ లేని అమ్మ

"పదకొండుకు బిడ్డ వస్తాది. ఈ గుండుకు ఏం సెప్తావు?" అని ఉచ్చీరప్ప మూడోసారి అడిగినాడు పెండ్లాన్ని.

జయమ్మ పొయ్యి ముందర కూర్చొని, ఓళిగల కోసం ఉడుకుతున్న శనగబేడలు గరిటెతో తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తా ఉంది. తలమీది కొంగు జారుతోంది. పైకి లాక్కుంటోంది. మళ్లా జారుతోంది. కొంగు నిలబడాలన్నా కింద నాలుగు వెంట్రుకలు ఉండాల గదా.

నిన్న పొద్దున దాకా ఆ తలకు తొడలు తాకే జడ ఉండె. ఉరుకుంద ఈరన్నస్వామి గుడికాడ అంతా గుట్టగా రాలిపోయింది.

మొక్కు అట్లాంటిది. రెండేండ్ల కిందట బిడ్డ తప్పిపోయిన వారానికి ఆమె అదే గుడి మెట్ల మీద కూర్చొని, నా సుధ గొంతు మళ్లీ చెవిన పడితే, బిడ్డ నా ఎదురుగా వచ్చి నిలబడేలోపలే తల ఇచ్చుకుంటా సామీ అనుకొనింది. పది దినాల కిందట ఫోన్లో ఆ గొంతు పడింది. బిడ్డను ఇంటికి తెచ్చేది వచ్చే నెలలోనే అని ఆఫీసు వాళ్లు చెప్పినారు. అంతవరకూ ఆగేదేమిటని నిన్న పోయి మొక్కు తీర్చుకొని వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. బాలల కమిటీ పెద్దలు తొందరగా ఒప్పుకున్నారు, రేపే చూపించేదానికి తెస్తాన్నాం అని.

జయమ్మ సంతోషం పట్టలేక రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. చేతులు నున్నగా జారిపోయినాయి. ఏం చేసుకొని వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎందుకంటే పది దినాల కిందటి ఆ ఫోన్లో, చిన్న తెర మీద తల్లి మొగాన్ని చానాసేపు చూసిన బిడ్డ, అమ్మా అనలేదు. "జడ సూపించు" అనింది. జయమ్మ జడను ముందరికి తెచ్చి ఆడించి చూపించింది. అప్పుడు నగింది సుధ. చిన్నప్పటి నుంచి ఆ జడ కొసను గుప్పిట్లో పట్టుకొంటే గాని నిద్రపోయేది కాదు ఆ పిల్ల.

బాలల సంరక్షణ ఆఫీసు జ్యోత్స్న మేడం నిన్న ఫోన్లో ఒక మాట గట్టిగా చెప్పింది. బిడ్డను మీరెవరూ అడగకూడదు, చెప్పియ్యకూడదు. మిమ్మల్ని చూసి తనంతట తాను ఏమంటే అది రాసుకొని పోతాను. మా అమ్మే అంటే పది దినాల్లో ఇంటికి పంపుతారు. తెలీదు అంటే రక్తపరీక్షలు, కాగితాలు, అయిదారు నెలలు పడుతుంది. అందాకా బిడ్డ కర్నూలు హోములోనే.

అదీ ఉచ్చీరప్ప మూడుసార్లు అడిగిన దానికి కారణం. అతను మంచి మాటకూ కోపం మాటకూ ఒకే గొంతు వాడే మనిషి. పొలంలో పని, ఇంట్లో కూడు, అంతకుమించి మాట ఉండదు. అట్లాంటివాడు పొద్దున్నుంచి లోపలికీ బయటికీ తిరుగుతాన్నాడు.

"పది దినాలు ఆగింటే సామి కోపం చేసుకొంటుండెనా?" అన్నాడు చివరికి.

"నువ్వు మొక్కింటే తెలుస్తుండె" అనింది జయమ్మ.

బయట అరుగు మీద ఉచ్చీరప్ప తల్లి తాయమ్మ కాళ్లు చాపుకొని కూర్చొని, ఈ మాటలన్నీ వింటా ఉంది. రెండేండ్లుగా అత్తాకోడండ్ల మధ్య మాట లేదు. చెప్పాల్సింది ఉంటే మధ్యన ఉచ్చీరప్పను పెట్టుకొంటారు. "సంగటి అయిందని మీయమ్మకు సెప్పు" అని ఈమె. "ఆకలి ల్యాదని నీ పెండ్లానికి సెప్పు" అని ఆమె. అతను ఇంట్లో లేకపోతే మేకకు చెప్తారు.

బిడ్డ పోయింది తాయమ్మ చేతిలో నుంచి. ఆదోనిలో గాజుల అంగడి కాడ. పక్కన నిలబడిన ఒక ఆడమనిషి, నువ్వు గాజులు బేరం చేసుకో అవ్వా, నేను బిడ్డకు పూలు కొనిచ్చి తెస్తా అనింది. సరే అనింది తాయమ్మ. ఊర్లో ఎవురి బిడ్డనైనా ఎవురైనా సంకనేసుకొంటారు, ఎవురింట్లోనైనా బువ్వ పెడతారు. పూలు కొనిస్తానన్న మనిషిని అనుమానించేది ఎట్లనో ఆమెకు డెబ్బై ఏండ్లలో ఎవురూ నేర్పలేదు.

ఆ మనిషి బిడ్డను రైలెక్కించింది. రాయచూరులో పోలీసులు ఎవురీ పిల్ల అని అడిగేసరికి బిడ్డను వదిలి గుంపులో కలిసిపోయింది. నీ పేరేంది అంటే సుధ అనింది. మీ నాయన పేరు అంటే, నాయిన. మీ అమ్మ పేరు అంటే, అమ్మ. ఊరు అంటే, మా ఊరు. ఐదేండ్ల పిల్ల. ఇంట్లో పెండ్లాం మొగుని పేరు పలకదు, అత్త కోడలిని మ్మే అని పిలుస్తాది, బిడ్డకు యాడ తెలుస్తాది? ఆ మూడు పేర్లు తెలీక రెండేండ్లు రాయచూరు హోములో పెరిగింది. నెలనెలా జయమ్మ కర్నూలు ఆఫీసుకు తీసుకుపోయి ఇచ్చే ఫోటోను, రాయచూరు నుంచి వచ్చిన ఫోటోల పక్కన పెట్టి పోల్చింది జ్యోత్స్న మేడమే. రెండు వారాల కిందట బిడ్డను కర్నూలుకు తెప్పించింది.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి జయమ్మ వీధిలో ఉండే పిల్లలందర్నీ సాయంత్రం పూట అరుగు మీద కూర్చోపెట్టి అప్పజెప్పించుకుంటాంది. నాయన పేరు, అమ్మ పేరు, ఊరు, మండలం గోనెగండ్ల, ఫోను నంబరు. పిల్లలకు చెప్పాలంటే తల్లులు ముందు మొగుళ్ల పేర్లు పలకాల. మొదటి దినం ఒక్కొక్కతే కొంగు నోట్లో కుక్కొని నగి నగి చచ్చింది. ఇప్పుడు వీధి కొస నుంచే మొగుణ్ని పేరు పెట్టి కేకేసే వాళ్లు తయారైనారు. మగవాళ్లకు అది అంతగా నచ్చలేదు.

తొమ్మిదికి జయమ్మ తమ్ముడు మహేంద్ర బండి మీద వచ్చినాడు. చేతిలో పెద్ద అట్టపెట్టె. ఊర్లో నాటకాలు ఆడతాడతను. అక్క గుండు సంగతి విని, తెల్లారకముందే ఆదోనిలో నాటకం సామాను అద్దెకిచ్చే ఆయన్ను నిద్ర లేపినాడంట.

పెట్టె తెరిస్తే లోపల విగ్గుతో సహా జడ. ద్రౌపది జడ. నల్లగా, నిగనిగలాడతా, పాము చుట్ట చుట్టుకొని పండుకున్నట్ల ఉంది.

వద్దు వద్దంటాన్నా అక్క తలకు తగిలించినాడు. అది ఆమె తలకు పెద్దదైంది. చెవులు కనపడకుండా నొసలు మీదికి దిగింది. పక్కకు చూస్తే జడ అక్కడే ఉండిపోయి మొగం ఒకటే తిరుగుతోంది.

తుగ్గలి నుంచి మొదటి బస్సుకే వచ్చిన వనజ, ఓళిగల పిండి కలుపుతున్నదల్లా చూసి పిండి చేతులతోనే నోరు మూసుకొనింది. జయమ్మకు ఆమె పోలీసుస్టేషను బెంచీ మీద దొరికిన స్నేహం. వనజ కొడుకు సాయి తప్పిపోయి మూడేండ్లు. ఇంకా దొరకలేదు. అయినా ఈపొద్దు నీ ఇంట్లో ఓళిగలు నేను చేయాల అని వచ్చింది.

"ఎట్లుండాది?" అని అడిగింది జయమ్మ.

"దుర్యోధనుణ్ని సంపేటట్ల ఉండావు" అనింది వనజ.

ఉచ్చీరప్ప ఒక్కడే నగలేదు. అదే ఉండనియ్ అన్నాడు. బిడ్డకు జడ కావాల, జడ ఉండాది, చాలు. రాసుకొని పోయినంక తీసేయొచ్చు అన్నాడు.

జయమ్మ అద్దంలో చూసుకుంది. చూస్తా చూస్తా వనజ వైపు తిరిగింది. వనజ నగు ఆపి, మెల్లగా ఒక మాట అనింది.

"పూలు కొనిస్తానని ఒకామె బిడ్డను మోసం సేసింది. నువ్వు జడ పెట్టుకొని సేస్తావా?"

జయమ్మ ద్రౌపది జడను ఊడదీసి పెట్టెలో పెట్టింది. మహేంద్ర మొగం చిన్నబోయింది. అక్క అతని గడ్డం పట్టుకొని, తిరునాళ్లలో ఆడేటప్పుడు నువ్వే పెట్టుకో, నీకు బాగుంటాది అనేసరికి మళ్లా వెలిగింది.

అప్పుడు చూసుకున్నారు, అరుగు మీద తాయమ్మ లేదు.

మేక ఉంది, చేతికర్ర లేదు. ఉచ్చీరప్ప వీధి రెండు కొసలూ చూసి వచ్చినాడు. బిడ్డ వచ్చే గడియకు ముసిలామె యాడికి పోయింటాదని అతనికి దిగులైంది. జయమ్మకు దిగులు కాలేదు. మనవరాలి కండ్లలోకి చూడలేక తప్పుకున్నట్లుంది, అదీ మేలే అనుకొనింది మనసులో. అనుకొన్నందుకు బేడల్ని రోట్లో గట్టిగా రుబ్బింది.

పదిన్నరకు కర్ర చప్పుడు వినపడింది.

తాయమ్మ నేరుగా వంటింట్లోకి వచ్చింది. రెండేండ్లలో కోడలు పొయ్యికాడ ఉండంగా ఆ గడప దాటిందిలేదు. వచ్చి జయమ్మ పక్కన పీట లాక్కొని కూర్చొని, తలమీది కొంగు తీసింది.

నున్నటి గుండు. చెవి పక్కన చిన్న గాటు, దాని మీద సెలూనువాడు అద్దిన పటిక తెల్లగా ఆరి ఉంది.

"ఒక్కరికే గుండు ఉంటే బిడ్డ జడుసుకుంటాది" అనింది తాయమ్మ, పొయ్యిని చూస్తా. "ఇద్దరికి ఉంటే నగుతాది."

ఉచ్చీరప్పతో కాదు, మేకతో కాదు. కోడలితోనే అనింది.

ఆ రెండేండ్లలో అత్తను అనాలనుకొని అనలేని మాటలు ఒక గంపకు ఉండాయి జయమ్మ దగ్గర. పూర్ణం ముద్ద ఒకటి తీసి అత్త చేతిలో పెట్టింది.

"ఓళిగ తట్టు అత్తా. నువ్వు తట్టితేనే పలసగా వస్తాది" అనింది.

తాయమ్మ తట్టింది. ఆ ఓళిగ ఒక పక్క మందంగా, ఒక పక్క చిరిగి వచ్చింది. దాన్ని ఎవరికీ పెట్టకుండా జయమ్మే తినేసింది, పొయ్యి మీద నుంచి దించీ దించకముందే.

వాకిట్లో నిలబడి ఇదంతా చూసిన ఉచ్చీరప్ప, బామ్మర్ది చేతిలోని బండి తాళం లాక్కొని ఏమీ చెప్పకుండా పోయినాడు. యాడికి బావా అని మహేంద్ర అరిచినాడు గాని బండి అప్పటికే సందు తిరిగింది.

జీపు పది నిమిషాలు ముందే వచ్చింది.

డ్రైవరు దిగి, చుట్టూ మూగిన పిల్లలకు ప్రేమగా చాక్లెట్లు తీసి చూపించినాడు. అదే అతను చేసిన తప్పు. ఒక్కరూ చెయ్యి చాపలేదు. జయమ్మ నేర్పిన పాఠం. నీ పేరేమి, మీ నాయన పేరేమి, ఏ ఊరు, ఏ మండలం అని వరసగా నిలదీసి, జవాబు సరిగ్గా చెప్పేదాకా జీపు తలుపుకు అడ్డం నిలబడినారు. జ్యోత్స్న మేడం లోపలే కూర్చొని కండ్లు తుడుచుకొనేంత నగింది. తర్వాత దిగి, వెనక్కి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి పట్టుకొని సుధ దిగింది.

ఏడేండ్ల పిల్ల. పొడుగైంది. హోములో జుట్టు మెడ పైకి కత్తిరించినారు. పచ్చ గౌను, తెల్ల చెప్పులు. మేడం చున్నీ కొసను గుప్పిట్లో బిగించి పట్టుకొనింది.

జయమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. లేచి ఉరకకూడదని మేడం నిన్ననే చెప్పింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చొనింది, అవి చెప్పకుండా పోతాయేమో అని. పక్కన తాయమ్మ. ఇద్దరూ కొంగులు దించి తలలు చూపిస్తా కూర్చున్నారు.

సుధ ఒక గుండును చూసింది. ఇంకో గుండును చూసింది. మేడం చాటుకు పోయింది.

వీధిలో యాభై మంది ఉన్నారు. వనజ జయమ్మ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసి అదిమిపెట్టింది. లేవాకు, లేవాకు అన్నట్ల.

"జడ అమ్మ యాడ?" అని సుధ మేడాన్ని అడిగింది, మెల్లగా. మెల్లగానే గాని అందరికీ వినపడింది.

మేడం జవాబు చెప్పకూడదు. జయమ్మకూ చెప్పే వీలు లేదు.

అంతలో సందులో నుంచి బండి చప్పుడు. ఉచ్చీరప్ప. మెడ చుట్టూ సెలూను గుడ్డ ఎగురుతాంది. తల కుడిపక్క నున్నగా మెరుస్తాంది. ఎడమపక్క ఎంటికలు ఎప్పట్లాగే లేచి నిలబడి ఉన్నాయి, నడిమిన సబ్బునురగ గీత. జీపు సెలూను ముందర నుంచి పోవడం చూసి, కత్తి కింద నుంచి తల లాక్కొని వచ్చేసినాడు.

సుధ చున్నీ చాటు నుంచి ఒక కన్ను పెట్టి చూసింది. రెండో కన్ను పెట్టింది. నోరు తెరుచుకొనింది.

"ఇంగా సగం ఉండాది" అనింది.

అని నగింది. ఫోన్లో విన్న నగు కాదు, పెద్ద నగు, కడుపు పట్టుకొని నగే నగు. ముందు పిల్లలు అందుకున్నారు, తర్వాత వీధి అందుకొనింది. మాటలే రాని ఉచ్చీరప్ప బండి దిగకుండా అట్లే కూర్చొని, నగుతాన్నాడో ఏడుస్తాన్నాడో తనకే తెలీకుండా సబ్బునురగ చేత్తో తుడుచుకున్నాడు.

సుధ చున్నీ వదిలేసింది. ముందు తాయమ్మ దగ్గరికి పోయి గుండు మీద ఒక వేలు పెట్టి చూసింది. "అజ్జీ, ఇది నొప్పా?" అనింది గాటును చూసి. రాయచూరులో నేర్చిన మాట. అవ్వ అని పిలిపించుకోవాలని రెండేండ్లు కాచుకున్న తాయమ్మకు అజ్జి అన్నా అవ్వ అన్నట్లే ఉంది. నొప్పి ల్యాదమ్మా అనింది.

తర్వాత జయమ్మ ముందర నిలబడింది. నిమిరింది. గుండు చుట్టూ, మెడ దాకా, జడ మొదలయ్యే చోటు దాకా. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"జడ యాడ పెట్టినావు?"

"సామికి ఇచ్చినా."

"యాకె?" అనింది కన్నడంలో. ఆ మాట జయమ్మకు తెలుసు, ఆదోని సంతలో వినేదే. ఎందుకని.

"నా దగ్గర ఇంకేం ఉండాది తల్లీ ఇయ్యడానికి. నీ గొంతు ఇనపడింది, ఉన్నదాన్ని ఇచ్చేసినా."

సుధ ఆలోచించింది. చిన్నప్పుడు ఏదైనా ఆలోచిస్తే కింది పెదవి ఒకపక్కకు లాగేది. ఇప్పుడూ లాగింది. జయమ్మ తొడల కింద చేతులు ఇంకా గట్టిగా నొక్కుకొనింది.

"మల్ల నేను పండుకునేటప్పుడు ఏం పట్టుకునేది?" అనింది సుధ.

దానికి జవాబు బిడ్డే వెతుక్కొనింది. కొంగు పట్టుకొని చూసింది, నచ్చలేదు. ముక్కు పట్టుకొని చూసింది, నగింది. ఎడమ చెవి పట్టుకొని, కమ్మను ఒకసారి తిప్పి, "ఇదైతే సరిపోతాది" అనింది.

జయమ్మ చేతులు అప్పుడు తొడల కింద నుంచి బయటికి వచ్చినాయి. ఎవరూ వద్దనలేదు.

మధ్యాన్నం దాకా ఆ ఇంట్లో ఎవరు ఎవరికి వడ్డించినారో తెలీదు. ఓళిగలు తాయమ్మ తట్టింది, జయమ్మ కాల్చింది, మాటలు ఇద్దరివీ ఆగలేదు. రెండేండ్ల బాకీ తీర్చుకున్నట్ల చిన్న చిన్నవాటికి కూడా తగువులాడుకున్నారు, నెయ్యి ఎక్కువైందని, పెనం కాలలేదని. మిగిలిన సగం గీయించుకొని రాపోరా, చూడలేకుండాము అని తల్లి చెప్పినా ఉచ్చీరప్ప కదలలేదు. బిడ్డకు ఎదురుగా గోడకు ఆనుకొని సగం గుండుతోనే కూర్చున్నాడు. వనజ సుధకు ఓళిగ తుంచి తినిపించింది. తినిపించి, గిన్నె కడిగే నెపంతో కాసేపు బయటికి పోయింది. జయమ్మ వెనకనే పోయి ఆమె పక్కన నిలబడింది. వచ్చే నెల కర్నూలుకు నేనూ వస్తా, సాయి ఫోటో ఇద్దరం పట్టుకొని పోదాం అనింది. వనజ తలూపి, మొగం కడుక్కొని, పోయేటప్పుడు ద్రౌపది జడ నాకిచ్చి పంపు, తుగ్గలి బస్సులో సీటు దొరుకుతాది అనింది.

మూడు గంటలకు జ్యోత్స్న మేడం సంచిలో నుంచి కాగితాలు తీసింది. ఇంట్లో సందడి దానంతటదే తగ్గింది.

"సుధా, ఈమె ఎవరో నువ్వు చెప్పు. నీ ఇష్టం. నువ్వేం చెప్తే అదే రాస్తాను" అనింది.

సుధ జయమ్మ ఒడిలో ఉంది. కాగితాన్ని చూసింది, పెన్నును చూసింది.

"రాసినంక?"

"రాసినాక మనం కర్నూలుకు వెళ్లాలి. అక్కడ పెద్దవాళ్లు చూసి, సంతకం పెట్టి, పది రోజుల్లో నిన్ను ఇక్కడికి పంపిస్తారు."

"సెప్పకపోతే?"

"చెప్పేదాకా నేను ఆగాలి."

"ఆగితే పోముగదా?"

మేడం గడియారం చూసుకొనింది. సాయంత్రం ఆరులోగా బిడ్డను హోముకు చేర్చాలని ఆ సంచిలోనే ఇంకో కాగితం ఉంది. బిడ్డ మాట రాసిన కాగితం లేకుండా కమిటీ కూర్చోదు. కమిటీ రేపు దాటితే మళ్లా వచ్చే వారమే.

జయమ్మకు అదంతా తెలుసు. సెప్పు తల్లీ, ఒక్క మాట సెప్పు అని నాలుక కొసన ఉంది. అడిగితే చెప్పియ్యడం అవుతుంది. పెదవి కరుచుకొని బిడ్డ నడినెత్తిని చూస్తా కూర్చుంది.

సుధ కింది పెదవి పక్కకు లాగింది.

"అయితే ఈపొద్దు సెప్పను" అనింది. "రేపు సెప్తా."

అని ఒడిలో నుంచి దిగింది. చెప్పులు వేసుకోకుండానే వాకిలి దాటి, జీపు వెనక తలుపు తానే తెరిచి, తన బట్టల సంచిని రెండు చేతులా కిందికి లాగింది. అది ఆమెకంటే బరువు. మట్టిలో గీత పడేటట్ల ఈడ్చుకుంటా ఇంటివైపు నడిచింది.

డ్రైవరు మేడం వైపు చూసినాడు. వీధి అంతా మేడం వైపు చూసింది. ఎవరూ బిడ్డకు సాయం పోలేదు, ఎవరూ వద్దనలేదు. జ్యోత్స్న మేడం మూత తీసిన పెన్ను ఒక చేతిలో, కమిటీ పెద్దల నంబరు తెరిచిన ఫోను ఒక చేతిలో పట్టుకొని, ఆ సంచి గడప దాకా వచ్చేలోపల ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన దానిలా నిలబడింది. సంచి మూడు బారల దూరంలో ఉంది.